పాత గేమూ, మామయ్యగారి చెవులూ

ఈ బ్లాగులో ఆవకాయ కొలతల నుంచి అద్దెయింటి గొడవల దాకా అన్నీ రాశాను గానీ, కంప్యూటర్ గేముల గురించి రాసే రోజు వస్తుందనుకోలేదు. వచ్చింది. పోయిన వేసవి సెలవుల్లో మా ఇంటిల్లిపాదినీ ఒక గదిలో కూర్చోబెట్టింది ఓ పాత గేము. పేరు ప్రిన్స్ ఆఫ్ పర్షియా. మీ తమ్ముళ్ళో, మరుదులో ఆడుతుంటే మీరూ చూసే ఉంటారు. తెల్లబట్టల కుర్రాడొకడు చెరసాలలో పరిగెత్తుతూ, గోతులు దూకుతూ, కత్తియుద్ధాలు చేస్తూ రాకుమారిని చేరుకోవాలి. అరవై నిమిషాలే గడువు. దాటిందా, ఆట ముగిసినట్టే.

ఇలాంటి పాత గేములు కొత్త కంప్యూటర్‌లో పెడితే అసలు తెరుచుకోవు. తెరుచుకుంటే బొమ్మ సరిగ్గా ఉండదు. బొమ్మ కుదిరితే సౌండు రాదు. పిల్లలు విసుక్కుంటారు, మగవాళ్ళు "ఆదివారం చూద్దాం" అంటారు. ఆ ఆదివారం ఎప్పుడొస్తుందో మనకి తెలుసు. అందుకని నేను చేసిన పద్ధతి వరసగా చెప్తాను, మీకు పనికొస్తుంది. ఆ గేము బాగు చేస్తుంటే బయటపడ్డ ఇంకో సంగతి కూడా చెప్తాను. ఈ టపా రాయడానికి అసలు కారణం అదే.

మాది ఫిల్మ్‌నగర్. ఆ పేరు చెప్పగానే బంధువులు "అయితే రోజూ హీరోలు కనిపిస్తారా?" అని అడుగుతారు. హీరోల ఇళ్ళు జూబ్లీహిల్స్ రోడ్లలో ఎత్తైన గోడల వెనకాల ఉంటాయి. మాలాంటి వాళ్ళవి రెండు పడగ్గదుల ఫ్లాట్లు. కాకపోతే మా ఇంటికీ సినిమాకీ సంబంధం ఉంది. మామయ్యగారు ఎఫెక్ట్స్ మనిషి. అంటే తెర మీద హీరోయిన్ మెట్లు దిగుతుంటే ఆ అడుగుల చప్పుడు, గాజుల గలగల, తలుపు కిర్రుమనడం, కత్తులు కొట్టుకోవడం, ఇవన్నీ థియేటర్లో మైకు ముందు చేసి రికార్డు చేసేవాళ్ళలో ఒకరు. మద్రాసులో మొదలుపెట్టి, పరిశ్రమ హైదరాబాద్ వచ్చేసినప్పుడు కుటుంబంతో ఇక్కడికి వచ్చేశారు. కొబ్బరి చిప్పలతో గుర్రపు డెక్కలు, ఇసక పళ్ళెంలో నడకలు, నాపరాయి మీద చెప్పుల చప్పుడు... పాత సినిమా వస్తే ఇప్పటికీ నటుల ముఖాలు చూడరు, కాళ్ళు చూస్తారు. "కాలు పడింది, చప్పుడు ఆలస్యంగా పడింది" అంటారు.

అలాంటి మనిషి ఏడాదిగా బాగా తగ్గిపోయారు. ఆరోగ్యం కాదు, మాట తగ్గింది. సాయంత్రాలు దైవసన్నిధానం గుడి దగ్గర పాత స్నేహితులతో కూర్చునేవారు, అది మానేశారు. "వాళ్ళంతా ఇప్పుడు గొణుగుతున్నారమ్మా, మాట స్పష్టంగా ఉండట్లేదు" అన్నారు. మా మరిది డాలస్ నుంచి ఆదివారాలు ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడి, "నెట్ సరిగ్గా లేదు, మీ అమ్మతో మాట్లాడు" అని ఫోను అత్తయ్యగారి చేతికి ఇచ్చేసేవారు. టీవీ సౌండు మాత్రం పెరుగుతూ పోయింది. అందరూ వయసు అనుకున్నారు. ఆయన మాత్రం ఫోన్లూ టీవీలూ నాసిరకంగా వస్తున్నాయనేవారు.

సెలవుల్లో మా అమ్మాయి అటక సర్దుతుంటే ఓ సీడీ దొరికింది. మా మరిది చేతిరాతతో 'గేమ్స్, ఫోటోస్' అని ఉంది. మామయ్యగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో కత్తుల గేము ఉండాలి. వాడూ నేనూ రాత్రి ఒంటిగంట దాకా ఆడేవాళ్ళం" అన్నారు. ఎన్నో నెలల తరవాత ఆయనంతట ఆయన ఒకటి అడగడం అదే. ఎలాగైనా అది ఆడించాలనిపించింది.

మా వీధిలో కంప్యూటర్లు బాగు చేసే కుర్రాణ్ణి అడిగితే నవ్వి, "ఆంటీ, ఇది పారేసి ఫోన్లో కొత్తది వేసుకోండి" అన్నాడు. పారేయడం మనకి చేతకాని విద్య కదా! నేనే కూర్చున్నాను.

మొదటి సమస్య: తెరుచుకోకపోవడం. క్లిక్ చేస్తే ఈ ప్రోగ్రాము మీ కంప్యూటర్‌లో నడవదని విండోస్ చెప్పేస్తుంది. గేము పాడైపోలేదండీ. ఇది డాస్ కాలం నాటిది, 16 బిట్ల ప్రోగ్రాము. మన ఇళ్ళల్లో ఇప్పుడున్నవి 64 బిట్ల విండోస్‌లు. వాటికి ఆ పాత భాష రాదు. దీనికి మందు డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము. 2002 నుంచీ ఉంది. అది కొత్త కంప్యూటర్ లోపల ఓ పాత కంప్యూటర్‌ని కట్టిపెడుతుంది. పాత వేగం, పాత తెర, పాత సౌండు కార్డు, అన్నీ ఉత్తుత్తివే గానీ గేముకి నిజంలాగే ఉంటాయి. ఊళ్ళో ఇల్లు వదిలి మన ఫ్లాట్‌కి వచ్చిన పెద్దావిడకి బాల్కనీలో తులసికోట, ఓ పీట, గోడకి పాత గడియారం పెడతాం చూడండి, అలాంటిదే. ఆవిడ మారక్కర్లేదు, చుట్టూ నాలుగు వస్తువులు అమిరితే చాలు. డౌన్‌లోడ్ మాత్రం దాని సొంత సైటు నుంచే చేసుకోండి.

గేము ఫోల్డరుని హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకుని, డాస్‌బాక్స్ తెరిచి, ఆ ఫోల్డరుని సీ డ్రైవుగా చూపించాలి. దీన్ని మౌంట్ చేయడం అంటారు. తరవాత గేము పేరు కొట్టి ఎంటర్. రాకుమారుడు ప్రత్యక్షం!

రెండో సమస్య: బొమ్మ. మాకు మొదట తపాలా బిళ్ళంత కిటికీలో వచ్చింది. ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే తెర నిండా వస్తుంది. కొన్ని కంప్యూటర్లలో అలా నొక్కగానే తెర నల్లబడిపోతుంది. అప్పుడు డాస్‌బాక్స్ సెట్టింగ్స్ ఫైలులో 'అవుట్‌పుట్' అన్న చోట 'సర్ఫేస్' తీసేసి 'ఓపెన్‌జీఎల్' అని పెట్టి చూడండి. దాంతో గళ్ళు కాస్త అలికినట్టు మెత్తగా కనిపిస్తాయి. పాతకాలంలాగా గళ్ళు గళ్ళుగా, పదునుగా కావాలంటే దాని చివర 'ఎన్‌బీ' చేర్చాలి.

మాకు తెర నిండింది. కానీ కుర్రాడు పొట్టిగా, లావుగా ఉన్నాడు. "వీడు ఇంత బొద్దుగా ఉండేవాడు కాదు" అన్నారు మామయ్యగారు వెంటనే. కారణం కూడా ఆయనే చెప్పారు, గేముల మాట తెలియకుండానే. పాత సినిమాలు దాదాపు చతురస్రంగా తీసేవాళ్ళు. ఇప్పటి టీవీలు వెడల్పు. పాత సినిమాని సాగదీసి వేస్తే సావిత్రిగారి ముఖం కూడా వెడల్పుగా కనిపిస్తుంది. సాగదీయకుండా తెర నింపాలంటే పైనా కిందా కోయాలి. 1957 నాటి మాయాబజార్‌ని హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులు అద్ది 2010 జనవరిలో విడుదల చేసినప్పుడు, వెడల్పు తెరకి తగ్గట్టుగా బొమ్మనీ, కొత్త హాళ్ళకి తగ్గట్టుగా శబ్దాన్నీ మార్చారు. పాతదాన్ని కొత్త తెర మీదకి తేవాలంటే ప్రతిచోటా ఈ లెక్క తప్పదన్నమాట.

మన గేము లెక్క ఇదీ. బొమ్మలో అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు. అప్పటి మానిటర్లు నాలుగుకి మూడు కొలతలో ఉండేవి కాబట్టి ఒక్కో చుక్క కాస్త నిలువుగా సాగి, మనిషి సన్నగా కనిపించేవాడు. ఇప్పటి తెరలు పదహారుకి తొమ్మిది. సెట్టింగ్స్‌లో 'ఆస్పెక్ట్' అన్న దగ్గర 'ఫాల్స్' తీసి 'ట్రూ' అని పెడితే కుర్రాడు మళ్ళీ సన్నబడతాడు. 1920, 1080 తెర మీద బొమ్మ 1440 వెడల్పులో కూర్చుంటుంది, రెండు పక్కలా 240 చొప్పున నల్లపట్టీలు మిగులుతాయి. ఆ పట్టీలు తప్పు కాదు, వాటిని నింపాలని చూడకండి. చీరకి అంచులాగా ఉండనివ్వండి.

మా అమ్మాయికి అదే సీడీలో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ కూడా దొరికింది. అది 1997ది, విండోస్ గేమే, అయినా పాత విండోస్ 7 లాప్‌టాప్‌లో రంగులు పిచ్చిపిచ్చిగా వచ్చాయి. గడ్డి ఎరుపు, నీళ్ళు ఊదా. ఆ కాలం గేములకి ఒకేసారి 256 రంగులే దొరికేవి. ముగ్గుల రంగుల డబ్బాలో ఏ గిన్నెలో ఏ రంగు పొయ్యాలో గేమే చెప్పేది. గేము ఆడుతుండగా విండోస్ వచ్చి గిన్నెలు మార్చేస్తే, ఆకులకి వెయ్యాల్సిన పచ్చ స్థానంలో ఎరుపు పడుతుంది. గేము నడిచినంతసేపూ టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌ప్లోరర్‌ని ఆపి, అయ్యాక మళ్ళీ మొదలుపెడితే మాకు కుదిరింది.

మూడో సమస్య: సౌండు. ఇది అన్నిటికంటే ఎక్కువ విసిగిస్తుంది, ఎందుకంటే చప్పుడు రాకపోవడానికి కారణాలు మెట్లు మెట్లుగా ఉంటాయి. కింద నుంచి పైకి ఒక్కో మెట్టూ చూసుకుంటూ వెళ్ళాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కూరలో ఉప్పూ కారం రెండూ ఒకేసారి వేస్తే ఏది ఎక్కువైందో తెలియదు కదా, అలాగే.

మొదటి మెట్టు, చప్పుడు ఎటు పోతోందో చూడటం. తెరని హెచ్‌డీఎంఐ తీగతో కలిపితే విండోస్ సౌండుని కూడా ఆ తెరకే పంపేస్తుంది. తెరకి స్పీకర్లు లేకపోతే ఇక నిశ్శబ్దమే. మాకు ముందు ఇదే అయింది. మూల ఉన్న స్పీకరు గుర్తు మీద నొక్కి, మన స్పీకర్లని ఎంచుకుంటే సరిపోయింది.

రెండో మెట్టు, గేము తనంతట తానే నోరు మూసుకుందేమో చూడటం. ఈ గేములో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే చప్పుడు ఆగుతుంది, మళ్ళీ నొక్కితే వస్తుంది. పిల్లలు తెలియకుండా నొక్కేస్తుంటారు.

మూడో మెట్టు, సౌండు కార్డు. 1990 ప్రాంతంలో చాలా కంప్యూటర్లకి సౌండు కార్డే ఉండేది కాదు. పెట్టె లోపల చిన్న బుల్లి స్పీకరు 'కీక్' మనేది, అంతే. డబ్బున్నవాళ్ళు యాడ్‌లిబ్, సౌండ్‌బ్లాస్టర్ లాంటి కార్డులు కొని బిగించుకునేవాళ్ళు. అందుకని అప్పటి గేముల సెటప్‌లో ఏ కార్డు ఉందో మనమే చెప్పాలి. డాస్‌బాక్స్ తన దగ్గర సౌండ్‌బ్లాస్టర్ ఉన్నట్టు నటిస్తుంది. గేము ఇంకా వివరాలు అడిగితే పోర్ట్ 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1 అని చెప్పండి. డాస్‌బాక్స్‌లో మామూలుగా ఉండే అంకెలు అవే.

నాలుగో మెట్టు, చప్పుడు వస్తూ తెగిపోతుంటే. డాస్‌బాక్స్‌కి ఎక్కువ వేగం ఇచ్చేస్తే అసలు కంప్యూటర్ అందుకోలేక సౌండు ముక్కలవుతుంది. కంట్రోల్, ఎఫ్11 నొక్కితే వేగం తగ్గుతుంది, కంట్రోల్, ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది. అప్పటికీ కుదరకపోతే సెట్టింగ్స్‌లో మిక్సర్ భాగంలో 'ప్రీబఫర్' అంకె కొంచెం పెంచండి. అంటే చప్పుడుని ముందుగా కాస్త నిలవ చేసుకుని పంపుతుంది. పెరుగు తోడుకి పాలు తీసి పెట్టుకున్నట్టు.

ఇవన్నీ అయ్యేసరికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. నాలుగో రోజు మామయ్యగారిని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాం. సంగీతం మొదలైంది. ఇనపగేటు గలగలమని లేచింది. కత్తులు కలిశాయి. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపారు.

"అడుగులు లేవమ్మా" అన్నారు.

ఉన్నాయి. కుర్రాడు పరిగెడుతుంటే సన్నగా, పొట్టిగా అడుగుల చప్పుడు నాకు వినపడుతూనే ఉంది. మా అమ్మాయికీ వినపడుతోంది. అయినా సౌండు మనిషి మాట, తీసెయ్యలేం. స్పీకర్లు మార్చాం. హెడ్‌ఫోన్స్ పెట్టాం. గేము సెటప్‌లో కార్డు మార్చి చూశాం. ఇంకో లాప్‌టాప్‌లో పెట్టాం. "కత్తులొస్తున్నాయి, గేటొస్తోంది. అడుగులే లేవు. రాతి పలక కదిలినప్పుడు గలగలా కొంచెమే" అన్నారు. మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టబోతుంటే ఆయనే, "ఆగమ్మా. టోన్ ఉందా నీ దగ్గర?" అన్నారు.

టోన్ అంటే ఒకే శ్రుతిలో మోగే కూత. స్టూడియోల్లో రికార్డింగుకి ముందు మెషీన్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి వెయ్యి హెర్ట్జ్ టోన్ వేస్తారట. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాములో అలాంటి టోన్లు తయారు చేసుకోవచ్చు. "ఐదొందల నుంచి మొదలుపెట్టి పెంచుకుంటూ పో. సౌండు పెంచకు. వినపడితే చెయ్యెత్తుతాను" అని కళ్ళు మూసుకున్నారు.

ఐదొందలకి చెయ్యి లేచింది. వెయ్యికి లేచింది. రెండు వేలకి కాస్త ఆగి లేచింది. నాలుగు వేలు వేశాను. చెయ్యి ఒళ్ళోనే ఉంది. ఇంకా రాలేదేమో అన్నట్టు ఓపిగ్గా కూర్చున్నారు. పక్కగదిలోంచి మా అమ్మాయి "అమ్మా, ఆ కూత ఆపవా, చెవులు పోతున్నాయి!" అని అరుస్తూ, రెండు చెవులూ మూసుకుని గుమ్మంలోకి వచ్చింది. అప్పుడే మామయ్యగారు కళ్ళు తెరిచారు. దాన్ని చూశారు. నా చెయ్యి ఇంకా మీట మీదే ఉండటం చూశారు.

కొంచెంసేపు ఏమీ అనలేదు. తరవాత మెల్లగా, "మెషీన్ బాగానే ఉందమ్మా. ఇంక దాన్ని కదపకు" అన్నారు.

వంటింటి గుమ్మంలో అత్తయ్యగారు నిలబడి ఉన్నారు. చేతిలో కాఫీ గ్లాసు ఉంది. అది ఆయన ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని, ఆయన ముఖం వైపు చూస్తూ, "చల్లారిపోతుంది, తాగండి" అన్నారు. మామూలుగా వంటింట్లోంచే కేకేస్తారు ఆవిడ.

మర్నాడు పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్దామని ఆయనే అన్నారు. పరీక్ష కూడా నేను చేసిన టోన్ల వ్యవహారం లాంటిదే, కాకపోతే చప్పుడు చొరబడని గదిలో, లెక్క ప్రకారం చేస్తారు. ఇంట్లో టోన్లు వెయ్యడం పరీక్ష కిందకి రాదు, అనుమానం పుట్టించడానికి మాత్రమే పనికొస్తుంది. ఆ కాగితాన్ని ఆడియోగ్రామ్ అంటారు. అందులో గీత ఎడమ పక్క బాగానే ఉండి కుడివైపు వెళ్ళేకొద్దీ కొండ దిగినట్టు దిగిపోయింది. మామయ్యగారు దాన్ని చూసి, "పాత స్పీకరు గ్రాఫు ఇలాగే ఉంటుంది డాక్టరుగారూ" అన్నారు.

డాక్టరు చెప్పినవి మనందరికీ పనికొచ్చేవి. వయసుతో వచ్చే చెవుడు ముందు సన్న శబ్దాలనే తీసుకుపోతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమాల్లాంటి కణాలుంటాయి, అవి ఒకసారి పోతే మళ్ళీ పుట్టవు. ఏళ్ళ తరబడి పెద్ద చప్పుళ్ళ మధ్య పనిచేసినవాళ్ళకి నష్టం ఎక్కువ. మాటల్లో అచ్చులు బలంగా, లావుగా ఉంటాయి, అవి వినిపిస్తాయి. ప, త, చ, స లాంటి హల్లులు సన్నగా ఉంటాయి, అవి జారిపోతాయి. అందుకే వాళ్ళకి మాట వినపడుతుంది గానీ ఏం మాటో తెలియదు. 'పప్పు' అంటే 'తప్పు' అవుతుంది. ఎదుటివాళ్ళు గొణుగుతున్నట్టుంటుంది. ఆడవాళ్ళ గొంతులూ, పిల్లల గొంతులూ ముందు చేజారతాయి. మిక్సీ, కుక్కరు, చిమ్నీ మోగుతుంటే అసలు పట్టుబడదు. ఫోన్లో పెదవులు కనిపించవు కాబట్టి ఇంకా కష్టం. ప్రపంచంలో 43 కోట్లమందికి వినికిడి లోపానికి సాయం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన ఇళ్ళల్లో వీళ్ళలో చాలామందికి 'మొండిఘటం', 'పరధ్యానం', 'మాట వినరు' అని పేర్లుంటాయి.

వినికిడి మిషను పెట్టుకుంటే మేలని డాక్టరు చెప్పారు. మామయ్యగారు ఒప్పుకోలేదు. "యాభయ్యేళ్ళు చెవులతో బతికినవాణ్ణి. మిషను పెట్టుకుని కృష్ణానగర్‌లో తిరిగితే ఏమంటారు?" అన్నారు. మా వారు చెప్పి చూశారు. మరిది డాలస్ నుంచి చెప్పి చూశాడు. ఆ విషయం ఎత్తితే చాలు, లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయేవారు. మూడు వారాలు అలాగే గడిచాయి. ఆ మూడు వారాలూ గేము మాత్రం రోజూ ఆడారు.

ఆయన్ని ఒప్పించింది కూడా ఆ గేమే. ఓ మధ్యాహ్నం నన్ను పిలిచి, "ఇందులో ఈక్వలైజరు ఎక్కడుంటుంది?" అని అడిగారు. ఈక్వలైజరంటే లావు శబ్దాలు, సన్న శబ్దాలు విడివిడిగా పెంచుకునే మీటల వరస. కంప్యూటర్ సౌండు సెట్టింగ్స్‌లో ఉంటే తీసి చూపించాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఎడమ మీటల్ని ముట్టుకోకుండా, కుడివైపు మీటల్ని మాత్రం ఒక్కోటీ పైకి తోశారు. ఆయన గ్రాఫు ఎక్కడ దిగిందో సరిగ్గా అక్కడ. నాకు ఆ హెడ్‌ఫోన్స్ పెట్టి చూపిస్తే గుచ్చుకున్నట్టు ఉంది. ఆయన మళ్ళీ పెట్టుకుని రాకుమారుణ్ణి పరిగెత్తించారు. నాలుగడుగులు. ఆపారు. మళ్ళీ నాలుగడుగులు.

"వస్తున్నాయి" అన్నారు. ఇంకాసేపటికి, "ఆ మిషను చేసేది ఇదేనా?" అన్నారు.

అదే. అన్ని చప్పుళ్ళనీ ఒకేలా పెంచదు, పోయిన చోటే పెంచుతుంది. అది తెలిశాక ఆయనకి మిషను అవమానంలా కాకుండా తనకి తెలిసిన పనిముట్టులా కనిపించింది. అమర్చేటప్పుడు అక్కడి అమ్మాయితో, "మూడు వేల దగ్గర ఇంకొంచెం ఇవ్వమ్మా" అని మాట్లాడుతుంటే ఆ అమ్మాయి తెల్లబోయింది. అలవాటు కావడానికి కొన్ని వారాలు పట్టింది. మొదట్లో పేపరు తిప్పుతుంటే చెవిలో పటాసులన్నారు. తిరగమోతలో ఆవాలు చిటపటలాడుతుంటే వంటింట్లోకి వచ్చి నిలబడి విన్నారు.

ఈ గేము కథ ఒకటి చదివి ఆయనకి చెప్పాను. దాన్ని తయారుచేసిన జోర్డాన్ మెక్నర్ అనే కుర్రాడు తన తమ్ముడు డేవిడ్‌కి తెల్లబట్టలు వేసి, పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఒక్కో ఫ్రేము చూసి బొమ్మ గీశాడు. కత్తియుద్ధానికి 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమాని ఆధారం చేసుకున్నాడు. సంగీతం వాళ్ళ నాన్న ఫ్రాన్సిస్ కూర్చాడు. ఆ గేము అసలు ప్రోగ్రాము ఏళ్ళ తరబడి కనపడకుండా పోతే, 2012లో ఆ నాన్నకే ఇంట్లో అలమారలో ఓ పెట్టెలో డిస్కులు దొరికాయి. అటకల మహిమ అమెరికాలోనూ ఉందన్నమాట! మామయ్యగారు అంతా విని, "మరి అడుగులు వేసిందెవరు?" అని అడిగారు. కత్తి కాంతారావుగారి జానపదాల రోజుల నుంచీ సినిమాలు చూస్తున్న ఎఫెక్ట్స్ మనిషి అడిగే ప్రశ్న అదేగా. అడుగులు ఆయనకి నచ్చలేదు కూడా. "చెరసాల రాయి మీదా, అంతఃపురంలోనూ ఒకటే చప్పుడు. బద్ధకస్తులు" అని తేల్చేశారు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు టీవీ సౌండు పెంచుతున్నా, ఫోను త్వరగా పక్కవాళ్ళకి ఇచ్చేస్తున్నా, నలుగురున్న చోట నవ్వి ఊరుకుంటున్నా, పిల్లల మాటకి మాత్రమే "ఏంటీ?" అంటున్నా, ఒకసారి వినికిడి పరీక్ష చేయించండి. మన హైదరాబాద్‌లో అయితే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ఈలోగా గట్టిగా అరవకండి, అరిస్తే అచ్చులే పెరుగుతాయి. ఎదురుగా నిలబడి, మిక్సీ ఆపి, మామూలు గొంతుతో నిదానంగా చెప్పండి.

మామయ్యగారు మూడో దశలో ఇరుక్కున్నారు. అక్కడ ఓ అస్థిపంజరం లేచి కత్తి దూస్తుంది. ఎన్నిసార్లు పొడిచినా చావదు. పోయిన ఆదివారం మరిది ఫోన్ చేస్తే ఆయనే తీసుకుని, కుర్చీలో వెనక్కి వాలి, ముందు ఆ సంగతే అడిగారు. స్పీకరు ఆన్‌లో ఉంది. "దాన్ని పొడిచి లాభం లేదు నాన్నా. వెనక్కి నెట్టుకుంటూ పోయి గోతిలో పడెయ్యాలి" అన్నాడు మరిది. మామయ్యగారు "ఏంటీ?" అనలేదు. "అలా చెప్పవేంరా మరి, నెలరోజులుగా పొడుస్తున్నాను" అన్నారు. తరవాత ఇద్దరూ నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. అత్తయ్యగారు రెండుసార్లు వచ్చి ఫోను కోసం చెయ్యి చాపి, దొరక్క, వెళ్ళి చపాతీలు చేసుకున్నారు.